మాంటీ పైథాన్ నాలుగో సీజన్: క్లీజ్ లేని ఆరు ఎపిసోడ్లు

బ్రిటిష్ కామెడీ టీవీ షో మాంటీ పైథాన్ చివరి సీజన్‌కి ఉన్న చెడ్డపేరులో సగం, దాన్ని మొదటి మూడు సీజన్లలాగే చూడబోవడం వల్ల వచ్చిందే. ఏళ్ల తరబడి తిరగేసి చూశాక ఈ మాట ధైర్యంగా చెప్పగలను. మిగతా సగం మాత్రం న్యాయమైనదే.

'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' 1969 అక్టోబర్ 5న బీబీసీ వన్‌లో మొదలై, 13 ఎపిసోడ్ల చొప్పున మూడు సీజన్లు నడిచింది. నాలుగోదానికి బృందంలో ఒకడైన జాన్ క్లీజ్ తప్పుకున్నాడు. గ్రాహం చాప్‌మన్, ఎరిక్ ఐడిల్, టెర్రీ జోన్స్, మైకేల్ పేలిన్, టెర్రీ గిలియం ఐదుగురే కలిసి ఆరు ఎపిసోడ్లు చేశారు. బీబీసీ టూలో 1974 అక్టోబర్ 31 నుంచి డిసెంబర్ 5 దాకా అవి వచ్చాయి. పేరు కూడా 'మాంటీ పైథాన్' అని కుదించుకుపోయింది. ఒక్కోటి అరగంట, అన్నీ కలిపి మూడు గంటలు. అలాగని ఒకే బిగిన చూడకండి. రోజుకొకటి చాలు.

క్లీజ్ లేకపోతే నిజంగా పోయేదేమిటి? పాత స్కెచ్‌లు, అంటే చిన్న చిన్న హాస్య సన్నివేశాలు, చాలావరకు గొడవ మీద నడిచాయి. కౌంటర్‌కి అటొకడు, ఇటొకడు, మధ్యలో పెరిగిపోయే కోపం. ఆ పొడుగాటి మనిషి లేకపోయేసరికి ఎదురు నిలబడి వాదించేవాడు కరువయ్యాడు. అందుకే ఇక్కడ విడి స్కెచ్‌లు తగ్గి, అరగంట పొడవునా సాగే కథలు పెరిగాయి. మూడో సీజన్‌లోని 'ద సైక్లింగ్ టూర్'లో ఈ పద్ధతిని ఒకసారి ప్రయత్నించారు. అది నచ్చినవాళ్లకు ఇది నచ్చుతుంది. చచ్చిన చిలుకను అమ్మాడని దుకాణదారుతో గొడవపడే పాత చిలుక స్కెచ్ లాంటి ఐదు నిమిషాల పేలుడు కోసం వస్తే నిరాశ తప్పదు.

వరుసలో మొదటిదైన 'ద గోల్డెన్ ఏజ్ ఆఫ్ బెలూనింగ్'తో మొదలుపెట్టొద్దు. రెండోదైన 'మైకేల్ ఎలిస్'తో మొదలుపెట్టండి. ఐడిల్ పాత్ర ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి వెళ్లి చీమను కొంటుంది. చీమకో పేరుంది, ఇంటికెళ్లాక దాని కాళ్లు లెక్కపెడితే తక్కువున్నాయి, ఫిర్యాదు చేయడానికి మళ్లీ స్టోర్‌కి. ఈలోగా కనిపించిన ప్రతివాడి నోటా మైకేల్ ఎలిస్ అనే పేరే. పాత గొడవ స్కెచ్ తాలూకు కౌంటర్ ఇక్కడా ఉంది, కానీ ఒక్క కౌంటర్ కాదు, అంతస్తుల నిండా కౌంటర్లే. ఒకచోట తేలని తగాదా ఇంకోచోటికి బదిలీ అవుతూ ఉంటుంది. చివరికి ముగింపులు అమ్మే విభాగం దాకా పోతుంది. నా లెక్కలో పైథాన్ మొత్తం 45 ఎపిసోడ్లలో మొదటి ఐదింట్లో ఉండాల్సింది ఇది.

తర్వాత 'మిస్టర్ న్యూట్రాన్'. ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన మనిషి లండన్ శివారులో బుద్ధిగా కాపురం ఉంటాడు. అతన్ని వెతికే పేరుతో అమెరికా సైన్యం ఊళ్లమీద బాంబులేస్తుంది. చాప్‌మన్ ముఖంలో కండరం కదలదు, అదే దీని బలం. కుక్క వేషంలో ఉన్న గూఢచారి సీన్ మాత్రం కాస్త సాగుతుంది, ఓపిక పట్టాలి.

'ద లైట్ ఎంటర్‌టైన్‌మెంట్ వార్'లో వైమానిక దళం అధికారి తన యాసలో ఇచ్చే రిపోర్టు అర్థం కాలేదని వెనక్కి తిప్పుకోకండి. సాటి అధికారులకే అర్థం కాదు, తమాషా అదే. ఇదే ఎపిసోడ్ చివర గాయకుడు నీల్ ఇన్స్ పాడే పాట ఏ వెక్కిరింపూ లేని అచ్చమైన యుద్ధకాలపు ప్రేమగీతం. పైథాన్‌లో అంత మెత్తని క్షణం ఇంకొకటి గుర్తురాదు.

'బెలూనింగ్'కి వచ్చేముందు ఒక్క విషయం గుర్తుంటే చాలు. ఫ్రాన్స్‌లో మాంగోల్ఫియే సోదరుల వేడిగాలి బెలూన్ ఎగిరింది 1783లో, ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ పోయింది 1715లో. ఆ రాజే స్కాట్లాండ్ యాసతో బెలూన్ ప్లాన్ల కోసం దిగుతాడు. 'హామ్లెట్' చెదురుమదురుగా ఉంది. విక్టోరియా రాణి వేషాల గుర్రప్పందెం తప్ప పెద్దగా మిగలదు.

ఆఖరి ఎపిసోడ్ 'పార్టీ పొలిటికల్ బ్రాడ్‌కాస్ట్ ఆన్ బిహాఫ్ ఆఫ్ ద లిబరల్ పార్టీ' అన్నిటికంటే ఎగుడుదిగుడు. అయినా రక్తం కారుతున్న రోగి చేత డాక్టరు ముందు ఫారం నింపించే స్కెచ్ కోసమైనా చూడాలి. చాప్‌మన్‌తో కలిసి దాన్ని రాసింది డగ్లస్ ఆడమ్స్, 1978లో బీబీసీ రేడియోకి 'హిచ్‌హైకర్స్ గైడ్' అనే సైన్స్ ఫిక్షన్ కామెడీ రాసినాయనే. బంతికి బదులు ఈటెలు విసిరే కలహారీ క్రికెట్ మ్యాచ్ ఆలోచనగా బాగుంది, కానీ ఆఫ్రికా వాళ్లను చూపిన తీరు ఇప్పుడు ఇబ్బంది పెడుతుంది.

ఇక చూసే పద్ధతి. స్ట్రీమింగ్‌లో అయితే ముందు ఆటోప్లే ఆపేయండి. 'తర్వాతి ఎపిసోడ్' బటన్ సరిగ్గా క్రెడిట్స్ దగ్గర పైకొస్తుంది, వీళ్లేమో జోకుల్ని, పాటల్ని అక్కడే దాస్తారు. 'మైకేల్ ఎలిస్' ముగింపు అయితే ఆ బటన్ వల్ల పూర్తిగా చెడిపోతుంది. టీవీలో పిక్చర్ సైజు 4:3, అంటే పాత టీవీల ఆకారం, పెట్టుకోండి. పక్కల నల్ల పట్టీలు ఉండాల్సినవే. తెర నిండేలా సాగదీస్తే మనుషులు లావెక్కుతారు, జూమ్ చేస్తే గిలియం యానిమేషన్ పైనా కిందా తెగిపోతుంది. స్టూడియో దృశ్యాలు నునుపుగా, బయటివి గరుకుగా కనిపిస్తే ప్లేయర్ లోపం అనుకోవద్దు. లోపలివి వీడియో టేపు మీద, బయటివి 16 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు.

డిస్క్ కొనేవాళ్లు రీజియన్, అంటే అది ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోవాలి. బ్లూ-రేలో బ్రిటన్‌ది బి, మనది సి. డీవీడీ అయితే వాళ్లది 2, మనది 5. రీజియన్ లాక్ ఉన్న డిస్క్ ఇక్కడి మామూలు ప్లేయర్‌లో ఆడదు.

పాత అమెరికన్ టీవీ రికార్డింగ్ ఎక్కడైనా దొరికితే వదిలేయండి. 1975లో అమెరికన్ టీవీ సంస్థ ఏబీసీ ఈ ఆరు ఎపిసోడ్లను గంటన్నర చొప్పున రెండు కార్యక్రమాలుగా కలిపి, ప్రకటనల కోసం మొదటిదాంట్లోంచే 24 నిమిషాలు కోసేసింది. ముక్కలైన కథకి తలా తోకా మిగల్లేదు. పైథాన్ బృందం కోర్టుకెళ్లింది. 1976లో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీల్ కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది.