పోస్ట్ టెస్టులో రికార్డు పడిందో లేదో ఎక్కడ చూడాలి: రెస్పాన్స్‌లోనా, గెట్‌తోనా, డేటాబేస్‌లోనా?

"పోస్ట్ కొట్టాను, 201 వచ్చింది. టెస్టు ఇక్కడితో ఆపెయ్యనా, ఇంకేమైనా చూడాలా?" టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ నన్ను అడిగే ప్రశ్న ఇది. పోస్ట్ అంటే కొత్త రికార్డు సృష్టించమని సర్వర్‌కి పంపే రిక్వెస్టు, 201 అంటే "సృష్టించాను" అన్న జవాబు. ఒకప్పుడు నేనూ అక్కడితోనే ఆపేసేవాడిని. ఈమధ్య ఒక సర్వీసుకి టెస్టులు మొదటినుంచీ రాయాల్సి వచ్చి, ఏ పద్ధతి పెట్టుకోవాలా అని గట్టిగానే వాదించుకున్నాం. నేను ఎటు తేలానో చెప్తాను.

దారులు మూడు. వచ్చిన రెస్పాన్స్ మాత్రమే చూసి ఊరుకోవడం, అదే రికార్డుని గెట్‌తో మళ్ళీ తెప్పించి చూడటం, నేరుగా టేబుల్‌లోకి తొంగిచూడటం. రిపాజిటరీకి (డేటాబేస్‌తో మాట్లాడే కోడ్‌కి) మాక్, అంటే ఉత్తుత్తి నకలు, పెట్టి "సేవ్‌ని ఒకసారి పిలిచారా" అని అడిగే నాలుగోది కూడా ఉంది. దాంతో సేవ్‌ని పిలిచారని తెలుస్తుంది, సేవ్ అయిందని తెలీదు. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

రెస్పాన్స్ చూడటం తేలిక, వేగం. స్టేటస్ సరిగ్గా ఉందా, లొకేషన్ హెడర్ (కొత్త రికార్డు అడ్రసు) వచ్చిందా, పాస్‌వర్డ్ హ్యాష్ పొరపాటున జేసన్‌లో (తిరిగొచ్చే డేటాలో) బయటపడలేదు కదా అన్నవి చూడాల్సింది ఇక్కడే. చిక్కల్లా ఆ జేసన్ ఎక్కణ్ణుంచి పుట్టిందన్నదే. చాలా కోడ్‌లో మనం పంపిన డేటాతో కట్టిన ఆబ్జెక్టుకే ఐడీ తగిలించి తిప్పి పంపుతారు. అంటే మన మాటే మనకి వినిపిస్తుంది, టేబుల్ మాట కాదు.

నాకు ఇది అనుభవమే. సభ్యుల రికార్డు: పేరు, ఈమెయిల్, ఫోన్. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్, ఆబ్జెక్టులని టేబుల్ వరుసలుగా మార్చే హైబర్నేట్ (ఇలాంటివాటిని ఓఆర్ఎమ్ అంటారు) మీద నడిచే సర్వీసు. ఎవరో (నేనే కావచ్చు, గిట్ చూడటానికి ధైర్యం చాల్లేదు) ఫోన్ కాలమ్‌కి అనోటేషన్ (కోడ్‌లో ఫీల్డు మీద పెట్టే సూచన) రాసేటప్పుడు, రికార్డు పడిన సమయాన్ని దాచే కాలమ్ నుంచి కాపీ కొట్టారు. ఆ సమయాన్ని డేటాబేసే నింపుతుంది కాబట్టి అక్కడ ఇన్సర్టబుల్ ఫాల్స్ అని ఉంది. అది ఫోన్‌కీ అంటుకుంది. ఇంకేముంది, ఇన్సర్ట్‌లో ఫోన్ వెళ్ళడం లేదు. రెస్పాన్స్‌లో మాత్రం నంబరు చక్కగా కనబడుతోంది. టెస్టులన్నీ గ్రీన్, టేబుల్‌లో ఆ కాలమంతా నల్.

సంగతి బయటపడ్డాక టెస్టులో గెట్ చేర్చాం. తప్పు సరిదిద్దకముందే ఒకసారి నడిపి చూశాను, ఫెయిలవ్వాలి కదా అని. గ్రీన్! రిపాజిటరీతో ఐడీ ఇచ్చి నేరుగా తెచ్చాను. మళ్ళీ గ్రీన్!

ఆరోజు మధ్యాహ్నం నుంచి చీకటిపడేదాకా దానిమీదే కూర్చున్నాను. టెస్టు క్లాసు మీద ట్రాన్సాక్షనల్ అని ఉంది, టెస్టు కాగానే అంతా రోల్‌బ్యాక్ అవ్వాలని (రాసినవన్నీ రద్దవ్వాలని) పెట్టింది. మాక్ ఎంవీసీ (నిజమైన సర్వర్ లేకుండా రిక్వెస్టులు నడిపే స్ప్రింగ్ పనిముట్టు) కాల్స్ కూడా టెస్టు నడిచే థ్రెడ్‌లోనే నడుస్తాయి కాబట్టి పోస్ట్, గెట్, నా రిపాజిటరీ కాల్ మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, ఒకే పర్సిస్టెన్స్ కాంటెక్స్ట్‌లో (హైబర్నేట్ ఆబ్జెక్టులని గుర్తుంచుకునే మెమరీలో) ఉన్నాయి. హైబర్నేట్ ఐడీ చూసి, ఇది నా దగ్గరే ఉందిగా అని మెమరీలోని ఆబ్జెక్టునే చేతికిచ్చేసింది. టేబుల్ ముఖం ఎవరూ చూడలేదు. దొంగనే పిలిచి నువ్వు దొంగతనం చేశావా అని అడిగినట్టు.

అందుకే నా లెక్కలో అసలు ప్రశ్న గెట్టా డేటాబేసా అన్నది కాదు, సాక్షి వేరేవాడా కాదా అన్నది. రాసిన సెషనే (అదే పర్సిస్టెన్స్ కాంటెక్స్టే) చదివితే మూడు పద్ధతులూ ఒకటే. ఇదే ఏర్పాటులో, ఐడీలు సీక్వెన్స్ (డేటాబేస్ వరుసగా ఇచ్చే నంబర్లు) నుంచి తీసుకుంటుంటే, ఫ్లష్ (మెమరీలోవి డేటాబేస్‌కి పంపడం) అయ్యేదాకా ఇన్సర్టే డేటాబేస్‌కి వెళ్ళదు. ఒకే ఈమెయిల్‌తో రెండుసార్లు పోస్ట్ కొడితే, యూనిక్ నియమం పట్టుకోవాల్సిన రెండోదానికీ 201 వచ్చెయ్యొచ్చు.

మందు రెండు రకాలు. ట్రాన్సాక్షనల్ ఉంచుకుని మధ్యలో ఫ్లష్, క్లియర్ (ఆ మెమరీ ఖాళీ) చెయ్యడం ఒకటి. సర్వర్‌ని రాండమ్ పోర్టు మీద లేపి నిజమైన హెచ్‌టీటీపీ కాల్స్ కొట్టడం రెండోది. నాకు రెండోదే నచ్చింది. మొదటిది ప్రతి టెస్టులో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి, మనుషులు మర్చిపోతారు. రెండోదాంట్లో రోల్‌బ్యాక్ సుఖం పోతుంది నిజమే, సర్వర్ తన ట్రాన్సాక్షన్ తను కమిట్ చేసేస్తుంది. దానికి ప్రతి టెస్టులో ఈమెయిల్‌కి ముందు ఒక యూయూఐడీ (ఇంకోదానితో కలవని రాండమ్ గుర్తు) తగిలిస్తున్నాం. పాత రికార్డులు పడి ఉన్నా ఒకదానికొకటి అడ్డు రావు.

అలా నడిపితే మామూలు టెస్టులకి నా ఓటు గెట్‌కే. కాలమ్ పేరు మార్చినా, టేబుల్‌ని రెండుగా చీల్చినా టెస్టు చెక్కుచెదరదు. పైగా ఐడీతో యూఆర్ఎల్ మనం కట్టుకోకుండా లొకేషన్ హెడర్ ఇచ్చిన చోటికే వెళ్తే, ఆ హెడర్‌కీ పరీక్ష అయిపోతుంది. పోస్ట్‌తో రిసోర్స్ పుడితే 201తోపాటు లొకేషన్ పంపమని 2022లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9110 (హెచ్‌టీటీపీ ప్రమాణపత్రం) చెప్తుంది, కానీ అది తప్పు చోటు చూపిస్తున్నా ఎవరూ గమనించని ఏపీఐలు నేను చూశాను.

గెట్‌కీ ఒక గుడ్డిచోటుంది. రాసేటప్పుడు సమయం నుంచి ఆఫ్‌సెట్ (యూటీసీతో ఉన్న తేడా) కొట్టేసి, చదివేటప్పుడు అదే ఆఫ్‌సెట్ తిరిగి అతికిస్తే టెస్టుకి అంతా సవ్యంగానే కనబడుతుంది. ఆ కాలమ్‌ని యూటీసీ అనుకుని చదివే రిపోర్టు మాత్రం తప్పులు చెప్తుంది. మధ్యలో క్యాష్ ఉంటే అదింకో తలనొప్పి.

డేటాబేస్‌లోకి వెళ్ళక తప్పని చోట్లు రెండు. గెట్ చూపించని ఫీల్డులు ఒకటి: పాస్‌వర్డ్ హ్యాష్, ఎవరు సృష్టించారన్న కాలమ్. రెండోది, నా దృష్టిలో ఇదే ముఖ్యం, ఫెయిలైన పోస్ట్. ఆర్డర్‌లో మూడు లైన్లు పంపాం, మూడోది తప్పు, 422 (పంపిన డేటా చెల్లదన్న జవాబు) వచ్చింది. ఆర్డర్ హెడర్, మొదటి రెండు లైన్లు టేబుల్‌లో ఉండిపోయాయా? గెట్ కొడదామంటే చేతిలో ఐడీయే లేదు. అక్కడ కౌంట్ చూడాల్సిందే. అదీ ఓఆర్ఎమ్‌తో కాదు, వేరే కనెక్షన్ మీద ఉత్త ఎస్‌క్యూఎల్‌తో, ఆ టెస్టు యూయూఐడీ ఉన్న వరుసలు మాత్రమే లెక్కపెట్టి.

ఆ డేటాబేస్ కూడా ప్రొడక్షన్‌లో ఉన్నదే అయ్యుండాలి. 50 అక్షరాల వార్‌చార్ కాలమ్‌లో 80 అక్షరాలు పెడితే పోస్ట్‌గ్రెస్ తిరగ్గొడుతుంది, ఎస్‌క్యూలైట్ కిక్కురుమనకుండా మింగేస్తుంది. టెస్ట్‌కంటెయినర్స్‌తో (టెస్టుల కోసం కంటెయినర్‌లో డేటాబేస్ లేపే లైబ్రరీతో) అసలుదాన్నే లేపుకుంటే ఈ గొడవ లేదు.

అన్నట్టు, కొత్త రికార్డు ఐడీ 1 అని అసర్ట్ రాసినవి ఉంటే ఇప్పుడే తీసెయ్యండి. రోల్‌బ్యాక్ అయినా పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ వెనక్కి రాదు.