నొక్కి మాట్లాడేది: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

మా అమ్మ దాన్ని "నొక్కి మాట్లాడేది" అంటుంది. వాయిస్ మెసేజ్ అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. పేపరు కూడబలుక్కుని చదువుతుంది గానీ టైపింగ్ అంటే భయం. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఒక టచ్ ఫోన్ కొనిచ్చి, మైక్ బొమ్మ మీద వేలు పెట్టించాను. వాట్సాప్‌లో ఆ సదుపాయం 2013 నుంచే ఉంది. మా ఇంటికి చేరడానికి మూడేళ్లు పట్టింది.

మాది విశాఖపట్నం. నేను కూర్మన్నపాలెంలో ఉంటాను, షిఫ్టు డ్యూటీ. అమ్మ పెదవాల్తేరులో. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకుంటే ఆవిడ ఫోన్ ఎత్తలేను, నాకు ఖాళీ అయ్యేసరికి ఆవిడ నిద్రపోతుంది. ఇప్పుడు గేటు దాటగానే ఫోన్ చెవికి ఆనించుకుంటాను. "ఏటి నాన్నా, తినీసినావా? బేగి ఇంటికెల్లు, మబ్బేసింది." వెనకాల కుక్కర్ కూత, వీధిలో నెత్తళ్లు, అంటే చిన్న చేపలు, అమ్మే ఆవిడ కేక. డ్యూటీ అలసట అక్కడితో సగం దిగిపోతుంది.

దీనికి నేను ఎక్కువ మార్కులు వేసేది మాత్రం యాస విషయంలో. మా అప్ప, అంటే అక్క, టైపు చేస్తే "ఏం చేస్తున్నావు" అని వస్తుంది, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. అదే అప్ప నోరు విప్పితే "ఏటి సేస్తన్నావు". చిన్నప్పుడు "ఏటి" అన్నందుకు క్లాసులో నవ్వేవారు, అందుకే రాసేటప్పుడు మాకు తెలియకుండానే మాట దిద్దుకుంటాం. మాట్లాడేటప్పుడు ఆ దిద్దుబాటు ఉండదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది మా ఉత్తరాంధ్రలోనే. ఆయన జయంతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. పోయినేడు ఆ రోజు స్కూల్లో మాట్లాడటానికి మా అమ్మాయి నానమ్మ మెసేజ్‌లు విని బేగి, ఒగ్గెయ్, కూకో అని ఒక పేజీ నిండా రాసుకుంది. ఆ పేజీ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

ఒకసారి నెత్తళ్ల పులుసు ఎలా చెయ్యాలో అడిగాను. నిమిషంన్నర మెసేజ్ వచ్చింది. అందులో "చింతపండు ఇంత వెయ్యి" అంది. ఫోన్ ముందు వేళ్లతో చూపించి ఉంటుంది. ఎంతమ్మా అని అడిగితే, "నిమ్మకాయంత, నీకు తెలీదేటి?" అని బదులొచ్చింది. ఆ రెండూ దాచుకున్నాను.

లోపాలూ ఉన్నాయి. వెతకడానికి వీలుండదు. పెళ్లి ముహూర్తం ఏ రోజో కావాలంటే ఆరు మెసేజ్‌లు మళ్లీ వినాలి. తారీఖులు, డబ్బు లెక్కలు కింద రాసి పెట్టమని ఇప్పుడు అందరికీ చెబుతాను. 2021లో వేగం పెంచి వినే సదుపాయం వచ్చింది. మా అమ్మాయి అన్నీ రెండింతల వేగంతో వింటుంది. అలా వింటే నానమ్మ మాట మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడం వినపడదు. ఆవిడకి ఆయాసం పెరిగిందని నేను కనిపెట్టింది ఆ ఆగడం వల్లే. అందుకని నానమ్మవి మాత్రం మామూలు వేగంతో వినమన్నాను.

అన్నిటికంటే పెద్ద చిక్కు గొడవలప్పుడు. పొలం పంపకం సమయంలో అన్నయ్యకి కోపంగా నలభై సెకన్లు మాట్లాడి పంపేశాను. ఎదురుగా ఉండి అంటే గాల్లో పోయేది. ఆయన దాన్ని ఎన్నోసార్లు విన్నాడట, వదినకీ వినిపించాడు. మూడు నెలలు మాటల్లేవు. చివరికి నేనే వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను. అలాంటి మాటలకి ఇది పనికిరాదు. లేచి వెళ్లాలి.

పెద్దవాళ్లకి ఫోన్ కొనేవాళ్లకి ఒక మాట: కవర్ మైక్ రంధ్రానికి అడ్డు రాకుండా చూసుకోండి. మా అమ్మ గొంతు ఏడాది పాటు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది, నెట్‌వర్క్ అనుకున్నాం. కవర్ తీసేస్తే సరిపోయింది.