త్రాస్తెవెరెలోని పునీత సిసిలియా ఆలయం: సందర్శకురాలి సమీక్ష

రోములోని ఈ ఆలయంలో బలిపీఠం కింద ఉన్న పాలరాతి శిల్పం కోసమే ప్రయాణం పెట్టుకోవచ్చు. 1599లో సమాధి తెరిచినప్పుడు, క్రైస్తవ విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన సిసిలియా దేహం చెక్కుచెదరకుండా కనిపించిందన్న విశ్వాసంతో స్తెఫానో మదెర్నో మలచిన ఈ రూపం పక్కకు ఒరిగి, ముఖం తిప్పుకొని, మెడపై సన్నని గాటుతో ఉంటుంది. మూడు వేట్లు పడినా ఆమె మూడు రోజులు బ్రతికిందన్న గాథ ఆ గాటు దగ్గర గుండెను పట్టేస్తుంది. ఒక చేతి మూడు వేళ్లు, మరో చేతి ఒక వేలు త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ), ఏకదేవుణ్ణి సూచిస్తాయని భక్తులు చెబుతారు. మేము కుదుర్చుకున్న గైడు తొందరపెట్టడంతో మర్నాడు ఒంటరిగా మళ్లీ వెళ్లాను. నేలమాళిగలోని రోమన్ కట్టడాల శిథిలాలకు విడిగా టికెట్ తీసుకోవాలి, తప్పక చూడండి. సంగీతకారుల పాలక పునీతురాలైన ఆమె పండుగ నవంబరు 22న వస్తుంది.