టాటూ మీద చుట్టింది సెకండ్ స్కిన్ కాదు, వంటింటి ప్లాస్టిక్: డబ్బులు కట్టేముందు చూసుకోండి

నా ఎడమ ముంజేతి మీద ‘అమ్మ’ అని రాయించుకున్నాను. ఇప్పుడు అక్కడ ‘అమ’ అని ఉంది. మ వత్తు సగం ఊడిపోయింది, మిగిలిన సగం మచ్చలో కలిసిపోయింది.

సూది పట్టిన కుర్రాడి పనితనాన్ని తప్పు పట్టను. గీత సన్నగా, నీటుగా వచ్చింది. చెడిందంతా ఆ తర్వాతి పది రోజుల్లో. అది కూడా స్టూడియో వాళ్ళు డబ్బులు తీసుకుని అమ్మిన సామానుతో, వాళ్ళు చెప్పిన పద్ధతి తు.చ. తప్పకుండా పాటించినందుకు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి స్టూడియో పేరు రాయడం లేదు. హైదరాబాద్‌లోనే, ఏసీ గది, గోడ నిండా ఫోటోలు, చూడటానికి శుభ్రంగా ఉండే చోటే.

మే చివరి వారం, రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండల్లో టాటూ ఏమిటని మీరు తిట్టొచ్చు, అమ్మ ముందే తిట్టింది. ఆమె అరవయ్యో పుట్టినరోజుకి చూపించాలని నా తొందర. బిల్లు ఇలా వచ్చింది: టాటూకి 3,500, సెకండ్ స్కిన్‌కి 600, ఆఫ్టర్‌కేర్ బామ్‌కి 450. “అక్కా, సెకండ్ స్కిన్ వేస్తే మీరు ఏమీ చేయక్కర్లేదు, మూడు రోజులు తీయకండి చాలు” అన్నాడు.

నేను మోసపోయింది ఇక్కడే.

సెకండ్ స్కిన్ అనేది ఆసుపత్రుల్లో గాయాల మీద వేసే పలుచని ఫిల్మ్ లాంటిది. దానికి ఒకవైపు జిగురు ఉంటుంది, చర్మానికి దానంతట అదే అతుక్కుంటుంది. బయటి నీళ్ళు లోపలికి రావు, లోపలి చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. అందుకే దాన్ని కొన్ని రోజులు ఉంచవచ్చు. మొదటి రోజు రసి ఎక్కువ కారితే తీసి కొత్తది వేసేవాళ్ళూ ఉన్నారు. నా చేతికి చుట్టింది అది కాదు. చపాతీలు మెత్తగా ఉండాలని చుట్టి పెడతామే, ఆ క్లింగ్ ఫిల్మ్. రెండు చివర్లా తెల్ల టేపు అంటించాడు. ఆ టేపు చూడగానే నాకు అనుమానం రావాల్సింది. నిజమైన ఫిల్మ్‌కి టేపుతో పనేముంది?

వంటింటి ప్లాస్టిక్ చుట్టడమే తప్పని కాదు. ఇంటికి వెళ్ళేదాకా దుమ్ము పడకుండా చాలామంది ఆర్టిస్టులు అదే చుట్టి, కొన్ని గంటల్లో తీసి కడుక్కోమంటారు. ఇక్కడ 600 తీసుకుని పది రూపాయల ప్లాస్టిక్ చుట్టారు, పైగా ఖరీదైనదానికి వర్తించే మూడు రోజుల లెక్క దీనికి చెప్పారు. ఆ ఎండలో, స్కూటీ మీద ఆఫీసుకి తిరుగుతూ, గాలి చొరని ప్లాస్టిక్ కింద రసి, సిరా, చెమట కలిసి రెండు రోజులు నానాయి. మూడో రోజు విప్పితే పాచి వాసన. చర్మం ఎక్కువసేపు నీళ్ళలో నానిన వేలికొసలా తెల్లగా ముడుచుకుపోయి ఉంది.

ఫోన్ చేశాను. “నార్మలే అక్కా, బామ్ బాగా పట్టించండి” అన్నారు.

బామ్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. చిన్న ప్లాస్టిక్ డబ్బా, మూత మీద స్టూడియో బొమ్మ, అంతే. తయారుచేసింది ఎవరో లేదు, తేదీ లేదు, లోపల ఏముందో లేదు. మూత తీస్తే జండూబామ్ లాంటి ఘాటు. పచ్చి పుండు మీద అది రాస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అయిదో రోజుకి అక్షరాల చుట్టూ ఎర్రగా పొక్కులు లేచాయి. ఫోటో పంపితే వాట్సాప్‌లో ఒక ట్యూబు బొమ్మ పంపి, “మెడికల్ షాపులో ఇది తెచ్చుకోండి, రెండు రోజుల్లో తగ్గుతుంది” అన్నారు. షాపులో చీటీ అడగలేదు, వంద రూపాయల లోపే. రాశాను. నిజంగానే మర్నాటికి ఎరుపు తగ్గింది, దురద పోయింది. అనవసరంగా తిట్టుకున్నానే అని కూడా అనుకున్నాను. తొమ్మిదో రోజు రాత్రి చలి, జ్వరం. పొద్దున చూస్తే వత్తు ఉన్నచోట చీము.

చర్మ డాక్టరు గారు మొదట అడిగిన మాట, “ఏం రాశావమ్మా?”. ట్యూబు చూపించాను. వెనక్కి తిప్పి సన్న అక్షరాలు నా చేతే చదివించారు: క్లోబెటసాల్, నియోమైసిన్, మైకోనజోల్. ఒకటి స్టెరాయిడ్, ఒకటి యాంటీబయోటిక్, ఒకటి ఫంగస్ మందు. గజ్జికీ తామరకీ మొటిమలకీ అన్నిటికీ జనం వాడేసే కలగూరగంప. అందులోని క్లోబెటసాల్ పూతమందు స్టెరాయిడ్లలో అత్యంత బలమైన కోవకి చెందినదట. ఎరుపు, వాపు అనేవి ఒంట్లో రక్షణ వ్యవస్థ చేస్తున్న పోరాటానికి గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే ఆపేస్తుంది. పైకి తగ్గినట్టు కనిపిస్తుంది, కింద క్రిములు నిమ్మళంగా పెరుగుతాయి, గాయం మానడమూ ఆలస్యమవుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు పద్నాలుగింటిని కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మన వీధి చివర షాపులో ఎలా అమ్ముతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

చీము పరీక్షకి పంపి, వారం రోజులు మాత్రలు రాశారు. ఫీజు, పరీక్ష, మందులు కలిపి టాటూ ఖర్చుని మించిపోయింది. చీము పట్టిన చోట మందంగా పక్కు కట్టి, అది ఊడినప్పుడు సిరా కూడా దాంతోపాటే వచ్చేసింది. ‘అ’ మాత్రం చెక్కుచెదరలేదు, అదొక్కటే అదృష్టం.

డాక్టరు గారు చెప్పిన అసలు పద్ధతి వింటే నవ్వొచ్చింది, అంత సులువు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టాటూని ముట్టుకోవాలి. రోజుకి రెండు మూడుసార్లు గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని సబ్బుతో మెల్లగా కడిగి, తువ్వాలుతో రుద్దకుండా టిష్యూతో అద్దాలి. ఆరాక వాసన లేని మాయిశ్చరైజర్ పలుచగా, చర్మం నిగనిగలాడకుండా రాయాలి. ఎక్కువ రాస్తే త్వరగా మానదు, నాని చెడుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు సిరా కలిసిన రసి కారడం మామూలే, పాత దుప్పటి పరుచుకోండి. నాలుగైదు రోజులకి పొట్టు లేస్తుంది, దురద పెడుతుంది, గోకకూడదు, గిల్లకూడదు. పై చర్మం మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా స్విమ్మింగ్ పూల్, సముద్రం, చెరువు, ఏదీ వద్దు. ఎండలోకి వెళ్తే వదులైన నూలు చొక్కా చేయి కప్పాలి. సన్‌స్క్రీన్ మాత్రం చర్మం పూర్తిగా మానాకే రాయాలి.

ఎరుపు తగ్గకుండా రోజురోజుకీ పక్కకి పాకుతున్నా, ముట్టుకుంటే కాలుతున్నా, చీము, జ్వరం, ఎర్రటి చారలు కనిపించినా స్టూడియోకి ఫోన్ చేయకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నేను పోగొట్టుకున్న నాలుగు రోజులూ ఆ ఫోన్లలోనే పోయాయి.

ఇంకొకటి గుర్తొచ్చింది. షేడింగ్‌కి సిరా పలుచన చేసేటప్పుడు ఏ నీళ్ళు కలుపుతున్నారో చూడండి. కుళాయి నీళ్ళూ, తాగే బాటిల్ నీళ్ళూ కూడా పనికిరావు, క్రిములు లేకుండా శుద్ధి చేసిన స్టెరైల్ నీళ్ళే వాడాలి. 2011-12లో అమెరికాలోని రోచెస్టర్‌లో ముందే పలుచన చేసి అమ్మిన బూడిదరంగు సిరా వల్ల పంతొమ్మిది మందికి మొండి చర్మవ్యాధి వచ్చింది. కారణం ఆ సిరాలో చేరిన మైకోబాక్టీరియం అనే క్రిమి. మామూలు యాంటీబయోటిక్‌లకి అది లొంగదు.

అమ్మ మొదటి రోజే పసుపు రాస్తానని వచ్చింది. వాళ్ళమ్మ చేతి మీద ఎరుకలామె పొడిచిన పచ్చబొట్టుకి పసుపే రాశారట, ముసలితనం దాకా చెరగలేదట. నిజమే కావచ్చు. వంటింటి పసుపు శుభ్రమైనదని చెప్పలేం, పచ్చి పుండు మీద ఏ పొడీ వద్దు అన్నారు డాక్టరు గారు. అమ్మ ఒప్పుకోలేదు, అది వేరే కథ.

మీరు వెళ్ళేముందు సెకండ్ స్కిన్ డబ్బులు అడిగితే ప్యాకెట్ మీ ముందే చింపమనండి. మీద పేరు, గడువు తేదీ ఫోటో తీసుకోండి. లేబుల్ లేని డబ్బా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు చిరునామా, బరువు, ధర, తేదీ ఉండాలని చట్టమే చెప్తోంది. బిల్లు అడిగి తీసుకోండి. నా బిల్లులో సెకండ్ స్కిన్ అని అచ్చుగా రాసి ఉంది, టేపు వేసిన ఫోటో నా ఫోన్లో ఉంది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఆ రెండే పంపాను. మర్నాడే స్టూడియో నుంచి మెసేజ్ వచ్చింది: “అక్కా, టచప్ ఫ్రీగా చేస్తాం, కంప్లయింట్ వెనక్కి తీసుకోండి.” ఇంకా జవాబివ్వలేదు. టచప్ చేయించుకున్నా, మచ్చ పూర్తిగా మెత్తబడ్డాక, వేరే చోట.

ఆఫీసులో వచ్చే నెల రక్తదాన శిబిరం ఉంది. ఏటా ఇచ్చేదాన్ని. టాటూ వేయించుకుంటే పన్నెండు నెలలు ఆగాలట, ఈ ఒక్క ముక్క మాత్రం ఏ స్టూడియో వాళ్ళూ చెప్పరు.