బిల్లులో ‘కెంపు’ అనే మాట ఉందా? నెల్లూరులో రాయి కొనేవారికి హెచ్చరిక

నిన్న మధ్యాహ్నం ఆ దుకాణం మెట్లు దిగినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రాత్రంతా నిద్ర లేదు. కోపం చల్లారాక రాయమని తమ్ముడు అన్నాడు. అది చల్లారేలోపు ఇంకో నలుగురు వెళ్లి కొంటారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను, వరుస తప్పితే మన్నించండి.

దుకాణం పేరు రాయడం లేదు. కార్తీకంలో ‘బర్మా కెంపులు వచ్చాయి, ఆదివారం వరకే ఈ ధర’ అంటూ అందరి ఫోన్లకూ వీడియోలు పంపింది ఎవరో మీలో చాలామందికి తెలుసు. పాలగ్లాసులో రాయి వేసి చూపిస్తాడే, ఆయనే. మాది కావలి. అమ్మకు రవి మహర్దశ నడుస్తోందని, మాణిక్యం పెట్టుకుంటే మేలని ఎవరో చెప్పారు. గేదె పాలు పోసి ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బులోంచి 46,000 రూపాయలు తీసింది. పాత దుద్దులు కరిగించి ఉంగరం కూడా అక్కడే చేయించాం. అమ్మ వెంట వెళ్లింది నేను. చదువుకున్నదాన్ని, చూసుకోవలసినదాన్ని నేనే.

ఆ రోజు ఆయన మూడు పరీక్షలు చేసి చూపించాడు. రాయితో గాజుపలక మీద గీత గీశాడు. పాలలో వేసి, పాలు గులాబి రంగుకు తిరిగాయి చూడమన్నాడు. లైటు ఆర్పి, దొంగనోట్లు చూసే ఊదారంగు టార్చి వేస్తే రాయి నిప్పుకణంలా వెలిగింది. అమ్మ ముఖం కూడా అలాగే వెలిగింది. ఆ వెలుగు చూశాకే నేను డబ్బు లెక్కపెట్టాను.

ఆ మూడింటిలో ఒక్కటి కూడా జాతిరాయికి రుజువు కాదని ఇప్పుడు తెలిసింది. కెంపు అంటే కురువిందం అనే ఖనిజం. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి గట్టిపడిన స్ఫటికం. ఖనిజాల గట్టిదనాన్ని 10 వరకు లెక్కించే మోస్ కొలతలో దానిది 9, దానికి పైన ఉన్నది వజ్రం ఒక్కటే. గాజు మీద గీత పడటంలో వింత లేదు. కొలిమిలో తయారుచేసిన కెంపు కూడా అదే ఖనిజం, అదీ గీస్తుంది. వెర్నుయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పొడిని మంటలో కరిగించి కెంపులు పెంచే పద్ధతిని 1902లోనే ప్రకటించాడు. అంటే మన తాతల కాలం నగల్లో కూడా కొలిమి కెంపులు ఉండవచ్చు. ఇక టార్చి వెలుగుకు వస్తే, కురువిందానికి ఎరుపునిచ్చే క్రోమియమే ఆ కాంతికి ఎర్రగా మెరుస్తుంది. ఇనుము ఎక్కువగా ఉంటే ఆ మెరుపు చచ్చిపోతుంది. కొలిమి రాయిలో ఇనుము ఉండదు కాబట్టి అది మరింత బాగా వెలుగుతుంది. పాల సంగతి చెప్పనక్కర్లేదు, ఎర్రటి గాజుముక్క వేసినా పాలకు ఆ ఛాయ వస్తుంది.

అమ్మకు మాత్రం ఆ రోజే అనుమానం వచ్చింది. “ఇంత పెద్ద రాయి ఇంత తక్కువకు ఎలా వస్తుంది నాయనా?” అని అడిగింది. రాయి 4.3 క్యారెట్లు, అంటే ఒక గ్రాముకు కొంచెం తక్కువ. “గనిలో మనవాళ్లు ఉన్నారు పెద్దమ్మా, మధ్యలో దళారులు లేరు” అన్నాడు. నేను “ఊరుకో అమ్మా” అన్నాను. ఆ మాట నన్ను ఇప్పటికీ కోస్తోంది.

కెంపు భూమిలో ఎలా పుడుతుందో అప్పుడు నాకు కాస్త తెలిసి ఉంటే ఆ ధర వినగానే లేచి వచ్చేదాన్ని. అల్యూమినియం ఉన్నచోట క్రోమియం చేరాలి. ఈ రెండూ ఒకే రాతిలో కలవడమే అరుదు. పైగా అక్కడ సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, దాదాపు ఉండకూడదు. సిలికా ఉంటే అల్యూమినియం దానితో కలిసి అభ్రకంగానో ఫెల్డ్‌స్పార్ అనే మామూలు ఖనిజంగానో మారిపోతుంది, కెంపు పుట్టదు. భూమి పైపొరలో ఎక్కడ చూసినా సిలికాయే. బర్మాలోని మొగోక్ కెంపులు పాలరాతిలో పుట్టాయి. భారత భూఖండం వెళ్లి ఆసియాను ఢీకొన్న ఒత్తిడికి, వేడికి సున్నపురాయి పాలరాయిగా మారుతున్నప్పుడు అందులో ఏర్పడ్డాయి. పాలరాతిలో ఇనుము తక్కువ, అందుకే వాటికి ఆ వెలుగు. మొజాంబిక్‌లోని మాంటెప్యూజ్ గనులు 2009లో బయటపడ్డాక సరుకు పెరిగింది గానీ, శుభ్రంగా ఉన్న పెద్ద రాయి ఇప్పటికీ అరుదే. రంగునిచ్చే క్రోమియమే స్ఫటికంలో పగుళ్లు కూడా తెస్తుంది, అందుకని రాయి పెద్దదిగా పెరగడం కష్టం. 25.59 క్యారెట్ల బర్మా కెంపు ఒకటి 2015లో జెనీవా వేలంలో మూడు కోట్ల డాలర్లకు పైగా పలికింది. రంగు తేరడానికి వేడి చేయని మంచి బర్మా రాయి అయితే ఒక్క క్యారెట్టుకే లక్షల్లో ఉంటుంది. మాకు నాలుగు క్యారెట్లు 46,000కే ఇస్తానన్నాడు, మేము నమ్మాం.

(మన గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల దగ్గర దొరికాయని ఎర్రరాళ్లు చూపించేవారు కూడా ఉన్నారు. అభ్రకం, పలుగురాయి ఉన్నచోట సిలికా పుష్కలం. అక్కడి ఎర్రరాయి సాధారణంగా గార్నెట్ అనే వేరే ఖనిజం. అది చెడ్డ రాయి కాదు, కానీ కెంపు కాదు.)

అసలు సంగతికి వస్తాను. ఉంగరం అమ్మకు వదులైంది. రెండు వారాల కిందట కావలిలో మాకు ఎప్పటి నుంచో తెలిసిన ఆచారి గారి దగ్గరకు తీసుకెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. “రాయి ఏమిటి తల్లీ? ముత్యమో పగడమో అయితే తీసి అతకాలి” అని అడిగారు. “జాతికెంపు ఆచారి గారూ, నెల్లూరులో కొన్నాం” అన్నాను. నా మాట మీద ఆయన పని మొదలుపెట్టారు. కమ్మీ కోసి కొంచెం తగ్గించి, వెలిగారం రాసి, మంట ఊది అతికారు. నల్లబడిన బంగారం తేటపడటానికి ఉంగరాన్ని ఆమ్లం నీళ్లలో వేశారు. కాసేపటికి పట్టకారుతో పైకి తీసి, చూసి, మళ్లీ చూసి, తలుపు దగ్గర వెలుతురులోకి నడిచారు.

రాయి మీద సాలెగూడు అల్లినట్టు తెల్లటి గీతలు. ఒక అంచున చిన్న గుంట. దానిమ్మగింజలా ఉన్న రాయి సున్నం తగిలినట్టు పాలిపోయింది. ఆచారి గారి చేతిలో పట్టకారు వణికింది. “యాభై ఏళ్లలో నా చేతిలో కెంపు ఇలా కాలేదమ్మా” అన్నారు. నేను ఏమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. “కళ్లు సరిగా కనపడనప్పుడు ఇలాంటి పనులు ఎందుకు ఒప్పుకుంటారు?” అన్నాను. డబ్బు కడతాను, కొంచెం గడువు ఇమ్మన్నారు ఆయన. ఇవ్వనని కూడా చెప్పకుండా ఉంగరం తీసుకుని వచ్చేశాను.

చెన్నైలో రత్నాలు పరీక్షించే చోటుకు తీసుకెళ్లమన్నది తమ్ముడే. అక్కడ పనిచేసే అమ్మాయి రాయిని సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్నే చూడమంది. రాయిని మెల్లగా తిప్పుతుంటే పగుళ్ల వెంబడి నీలిరంగు తళుక్కుమని మెరిసి మాయమైంది. ఇంకోవైపు తిప్పితే నారింజ రంగు. పగుళ్లలో చపటగా నొక్కేసినట్టు గాలిబుడగలు. “ఇది సీసపు గాజు అక్కా” అంది. నిండా బీటలతో దేనికీ పనికిరాని కురువిందం ముక్కల్లో సీసం కలిపిన గాజును కరిగించి నింపుతారట. ఆ గాజు వెలుతురును వంచే తీరు ఇంచుమించు కెంపులాగే ఉండటంతో బీటలు కంటికి ఆనవు. 2004 ప్రాంతం నుంచి ఇలాంటివి సంతలోకి వచ్చాయట. ఎంతో పెద్ద సరుకు కూడా క్యారెట్టుకు వందల రూపాయల్లో దొరుకుతుందట.

జాతికెంపు అయితే 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. బంగారమే 1,064 డిగ్రీలకు కరిగిపోతుంది, అతుకు వేసే వేడి అంతకన్నా తక్కువ. ఆమ్లం కురువిందాన్ని ఏమీ చేయలేదు. కానీ ఈ సీసపు గాజు మంటకు చెమర్చి, ఆమ్లానికి కరిగిపోతుంది. నిమ్మరసం తగిలినా పాడవుతుందని ఆ అమ్మాయి చెప్పింది. నిమ్మకాయ పిండని రోజు లేని జిల్లాలో ఆ ఉంగరం అమ్మ వేలికి ఎన్నాళ్లు ఉండేది? ఆచారి గారి చేయి కాకపోతే అమ్మ చేతిలోనే పాడయ్యేది, అప్పుడు అమ్మనే అనేదాన్నేమో.

చెన్నైలో ఇచ్చిన పరీక్ష కాగితం పట్టుకుని నిన్న అమ్మను తీసుకుని నెల్లూరు దుకాణానికి వెళ్లాను. గొడవకు కాదు. డబ్బు తిరిగి ఇస్తారనే నమ్మకంతోనే వెళ్లాను.

ఆయన ఉంగరం చేతిలోకి తీసుకోలేదు. దూరం నుంచి చూసి, “బయట ఎవరికి ఇచ్చారు?” అన్నాడు. అతుకు వేయించామని చెప్పాను. “వదులైతే మా దగ్గరకే తెమ్మని చెప్పానా, లేదా? బయట ఇవ్వవద్దని ఆ రోజే చెప్పానా, లేదా?”

చెప్పాడు. నిజమే. ఉంగరం చేతికిస్తూ నవ్వుతూ చెప్పాడు. అప్పుడు అది మర్యాద అనుకున్నాను. మంట తగిలితే ఏమవుతుందో ఆయనకు ఆ రోజే తెలుసు. తెలిసే పాలు తెప్పించాడు, తెలిసే లైటు ఆర్పాడు. ఈ ఒక్కటే నేను మింగలేకపోతున్నాను. తెలియక అమ్మి ఉంటే క్షమించేదాన్ని.

పరీక్ష కాగితం బల్ల మీద పెట్టాను. మొత్తం చదవలేదు. ‘కెంపు’ అన్న మాట మీద వేలు పెట్టి, “వాళ్లు కూడా కెంపనే రాశారు కదా” అన్నాడు. పక్కనే ‘సీసపు గాజు నింపినది’ అని ఉంది, ఆ వేలు అక్కడికి జరగలేదు. బిల్లు తీయమన్నాడు. తీశాను. అందులో ‘రంగురాయి 1’ అని ఉంది. బర్మా లేదు, కెంపు లేదు, సహజం లేదు. “నేను ఏది అమ్మానో అదే రాశాను” అన్నాడు. ఇన్నాళ్లూ ఆ బిల్లు మా బీరువాలో ఉంది. ఒక్కసారి విప్పి చదవలేదు నేను.

తర్వాత అమ్మ వైపు తిరిగి, “ఈ వయసులో బర్మా రాయి ఏం చేసుకుంటారు పెద్దమ్మా, ఇది చాలదా?” అన్నాడు. దుకాణంలో ఇంకో ఇద్దరు ఉన్నారు. అమ్మ ఏమీ అనలేదు. బల్ల మీది ఉంగరం తీసి, కొంగుతో తుడిచి, సంచిలో వేసుకుంది. బస్సులో కావలి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికి కూడా వెళ్లకుండా ఆచారి గారి దగ్గరకు వెళ్లి కాగితం చూపించాను. కాళ్లకు మొక్కాను. ఆయన రాయిని మళ్లీ ఒకసారి వెలుతురులో చూసి, “గాజా” అని, చాలాసేపు అలాగే కూర్చున్నారు. కూలి ఇస్తే తీసుకోలేదు.

కొనేవాళ్లు దయచేసి ఇవి చేయండి. పొదిగించక ముందే విడిరాయిని మీరే పరీక్షకు పంపండి, అమ్మేవాడు ఇచ్చే పరీక్ష కార్డును నమ్మవద్దు. వేడి చేసిన కెంపు తప్పు కాదు, సంతలో ఎక్కువ అవే, కానీ ఆ మాట బిల్లు మీద ఉండాలి. సహజమా, వేడి చేసిందా, గాజు నింపిందా, ఎన్ని క్యారెట్లు, అన్నీ రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. మోసపోయి ఉంటే వినియోగదారుల సహాయవాణి 1915. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది. నేను సోమవారం వేస్తున్నాను. ఆయన పంపిన వీడియోలు నా ఫోనులో ఉన్నాయి, వాటిలో ‘బర్మా కెంపు’ అని ఆయన నోటితోనే అన్నాడు. మీ ఫోనులో ఉంటే చెరిపేయకండి.

కార్తీకంలో ఆయన దగ్గర కొన్నవాళ్లు ఉంగరాన్ని నిమ్మరసానికి, మంటకు దూరంగా పెట్టి, ముందు బిల్లు తీసి చదవండి. ‘రంగురాయి’ అని ఉంటే నాకు చెప్పండి, కలిసి వెళదాం.