రాష్ట్ర కిరీటం తర్వాత ఏది మేలు: మోడలింగా, సినిమానా, చదువా?

రాష్ట్ర స్థాయి అందాల పోటీ గెలిచి, ‘తెలంగాణ’ అనో ‘ఆంధ్రప్రదేశ్’ అనో రాసి భుజం మీదుగా వేసే సాష్‌తో ఇంటికొచ్చిన అమ్మాయిని చుట్టాలు అడిగే మొదటి మాట, “సినిమా ఎప్పుడమ్మా?” అని. దానికి జవాబు ఊహించక్కర్లేదు, సంవత్సరాలు లెక్కపెడితే చాలు. మానస వారణాసి తెలంగాణ నుంచి వెళ్ళి మిస్ ఇండియా వరల్డ్ గెలిచింది 2021 ఫిబ్రవరిలో. తెలుగులో హీరోయిన్‌గా తెర మీదికొచ్చింది 2024 నవంబరులో. హర్యానా నుంచి వచ్చిన మీనాక్షి చౌదరి 2018లో మయన్మార్‌లో మిస్ గ్రాండ్ ఇంటర్నేషనల్ ఫస్ట్ రన్నరప్ అయింది. ఆమె తొలి తెలుగు సినిమా విడుదలైంది 2021లో. తమిళనాడు తరఫున 2018లో మిస్ ఇండియా అయిన అనుకీర్తి వాస్‌కి తమిళ సినిమా 2022లో, తెలుగు సినిమా 2023లో వచ్చాయి. ఏకంగా మిస్ వరల్డ్ 2017 గెలిచిన మానుషి చిల్లర్ కూడా 2022 దాకా ఆగింది.

మధ్యలో కరోనా ఒక కారణమే. కానీ తెనాలిలో పుట్టిన శోభిత ధూళిపాళ 2013లో మిస్ ఇండియా ఎర్త్ అయింది, మొదటి సినిమా 2016లో. అప్పుడు కరోనా లేదు, అయినా మూడేళ్ళు. పైగా వీళ్ళంతా రాష్ట్రం దాటి జాతీయ స్థాయిలో గెలిచినవాళ్ళు. రాష్ట్రం దగ్గరే ఆగిన అమ్మాయికి ఇంతకంటే త్వరగా పిలుపొస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు. మరి ఆ మూడేళ్ళూ అద్దె ఎవరు కట్టాలి? ఈ ప్రశ్న దగ్గర పెట్టుకుంటే దారుల మధ్య తేడా తేలిగ్గా కనబడుతుంది.

ముందు చేతిలో ఉన్న టైటిల్ ఏ రకందో చూసుకోవాలి. 2017 నుంచి ఫెమినా మిస్ ఇండియా రాష్ట్రాలవారీగా ప్రతినిధుల్ని ఎంచి జాతీయ ఫైనల్‌కి పంపుతోంది. అదే ‘మిస్ తెలంగాణ’, ‘మిస్ ఆంధ్ర’ పేర్లతో ప్రైవేటు పోటీలు కూడా నడుస్తుంటాయి. వీటిలో కొన్ని రిజిస్ట్రేషన్ ఫీజు, గ్రూమింగ్ ఫీజు కట్టించుకుని చివర్లో ‘మిస్ స్మైల్’, ‘మిస్ ఫొటోజెనిక్’ అంటూ తలా ఒక సాష్ తొడిగి పంపిస్తాయి. గెలిచినవాళ్ళు నేరుగా వెళ్ళే జాతీయ పోటీ లేకపోతే ఆ టైటిల్ ముంబయి ఏజెన్సీ దగ్గర ప్రొఫైల్‌లో ఒక లైను మాత్రమే. ఊళ్ళో షోరూం ఓపెనింగ్‌కి మాత్రం రెండు సాష్‌లూ ఒకేలా పనికొస్తాయి, అక్కడ ఎవరూ తేడా అడగరు.

మోడలింగ్‌కి ఉన్న పెద్ద బలం, చేసిన ప్రతి రోజుకీ డబ్బు రావడం. రాష్ట్ర విజేతలు ఇక్కడ ముందుగా పొరబడేది ఎత్తు విషయంలో. మిస్ ఇండియా కనీస ఎత్తును ఇటీవలి ఏళ్ళలో 5 అడుగుల 3 అంగుళాలకు తగ్గించారు. ర్యాంప్ షోలు మాత్రం మామూలుగా 5 అడుగుల 8 అంగుళాలకు అటూఇటూ ఉన్నవాళ్ళనే తీసుకుంటాయి. కాబట్టి కిరీటం ఉన్నా ర్యాంప్‌కి పనికిరాకపోవచ్చు. అలాంటివాళ్ళకి నగలు, చీరల ప్రకటనలు, ఆన్‌లైన్ కేటలాగులు, టీవీ యాడ్లు నయం. వాటిలో ముఖం, నవ్వు, చేతులు మాట్లాడతాయి గానీ ఎత్తు కాదు.

ఏజెన్సీకి పంపేటప్పుడు కిరీటం పెట్టుకున్న ఫొటోలు పంపొద్దు. వాళ్ళకి కావలసింది డిజిటల్స్: మేకప్ లేకుండా, జుట్టు వెనక్కి కట్టుకుని, ఒంటికి పట్టే సాదా బట్టల్లో, కిటికీ వెలుతురులో తీసిన ఐదారు ఫొటోలు. ఎదురుగా, రెండు పక్కలా, వెనక నుంచి, నిలువెత్తున, ముఖం దగ్గరగా. ఎత్తు చెప్పులు లేకుండా కొలిచి రాయాలి. ఒక అంగుళం పెంచి రాస్తే ఫిట్టింగ్‌లో దొరికిపోతారు, ఆ క్లయింటు మళ్ళీ పిలవడు. తోడుగా అర నిమిషం వీడియో: పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పి ఎడమ, కుడి వైపులకు తిరిగి చూపిస్తే సరిపోతుంది. “మా ఫొటోగ్రాఫర్ దగ్గరే పోర్ట్‌ఫోలియో తీయించుకోవాలి, ముందు ఇంత కట్టండి” అనే చోటు ఏజెన్సీ కాదు, ఫొటోల వ్యాపారం. అసలు ఏజెన్సీ పని ఇప్పించాక అందులోంచి కమిషన్ తీసుకుంటుంది.

డబ్బు దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. షూట్ అయిన రెండు మూడు నెలలకు గానీ పేమెంటు రాదు. వచ్చేటప్పుడు కమిషన్‌తో పాటు 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుని వస్తుంది. ఏడాది ఆదాయం పన్ను కట్టాల్సినంత లేకపోయినా రిటర్న్ వేస్తేనే ఆ పది శాతం వెనక్కి వస్తుంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. ముంబయిలో అంధేరీ వెస్ట్, వెర్సోవా చుట్టుపక్కలే ఆడిషన్లు ఎక్కువ. అక్కడ ఫ్లాట్‌కి మామూలుగా 11 నెలల అగ్రిమెంటు, కొన్ని నెలల అద్దె డిపాజిట్, పైన బ్రోకర్‌కి ఒక నెల అద్దె. అందుకే ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా బయలుదేరితే మొదటి చెక్కు వచ్చేలోపే తిరుగు రైలు ఎక్కాల్సి వస్తుంది.

ఒప్పందంలో ఫోటో ఎక్కడ, ఎన్నాళ్ళు, ఏ మాధ్యమంలో వాడతారో రాయించుకోవాలి. ‘శాశ్వత హక్కులు’ అని ఉంటే సంతకం ఆపండి. కిరీటం వచ్చిన మొదటి నెలలో స్థానిక నగల దుకాణం చిన్న మొత్తానికి హోర్డింగ్ షూట్ చేయించుకుంటుంది. ఏడాది తర్వాత పెద్ద నగల బ్రాండు పిలిచినప్పుడు అదే హోర్డింగ్ ఇంకా రోడ్డు మీద ఉంటే ఆ పని పోయినట్టే. ఒకే రకం సరుకు అమ్మే ఇద్దరికి ఒకే ముఖం ఇవ్వడానికి పెద్ద బ్రాండ్లు ఒప్పుకోవు. చిన్న పని ఒప్పుకోవచ్చు, కానీ మూడు నెలల గడువు పెట్టుకుని.

సినిమా సంగతి వేరు. ఫిల్మ్‌నగర్‌లో మొదటి ఆఫర్లు ఎక్కువగా చిన్న నిర్మాతల దగ్గర్నుంచి వస్తాయి. “ఫస్ట్ లుక్ వచ్చేదాకా బయట కనిపించొద్దు, గెటప్ మార్చొద్దు, యాడ్లు చేయొద్దు” అని షరతు పెడతారు. రెండు షెడ్యూళ్ళు తీశాక ఫైనాన్స్ ఆగిపోతుంది. సినిమా డబ్బాలోనే ఉంటుంది, అమ్మాయి ముఖం కూడా దానితో పాటే ఉంటుంది. అడ్వాన్సు తప్ప చేతికి ఏమీ రాదు, పైగా మోడలింగ్ ఆదాయం కూడా పోయింది. దీనికి విరుగుడు గడువే: ఫలానా తేదీలోగా షూటింగ్ పూర్తి కాకపోతే ఆ షరతులన్నీ రద్దవుతాయని రాయించుకోవడం. చివరి వాయిదా డబ్బు డబ్బింగ్‌కి ముందే అందాలి. డబ్బింగ్ అయ్యాక అడగడానికి పట్టు మిగలదు. ‘తర్వాతి రెండు సినిమాలూ మా బ్యానర్‌లోనే’ అనే మాట ఉంటే ఆ సినిమాలకు పారితోషికం ఎంతో, ఎప్పటిలోగా మొదలుపెట్టాలో కూడా ఉండాలి. అది లేకపోతే అది కట్టిపడేయడమే.

పోటీల్లో నేర్చుకున్న అలవాట్లు కెమెరా ముందు ఎదురుతిరుగుతాయి కూడా. వేదిక మీద చివరి వరుసకి కనిపించేలా నవ్వడం, భుజాలు బిగించి నిలబడటం, ప్రశ్నకి నలభై సెకన్లలో గుండ్రంగా జవాబు చెప్పడం, ఇవన్నీ క్లోజప్‌లో నటనలా కాక అప్పజెప్పినట్టు ఉంటాయి. మూడు నుంచి ఆరు నెలల నటన శిక్షణ ముందు ఇవి వదిలించుకోవడానికే పడుతుంది. తెలుగు అమ్మాయికి ఉన్న లాభం భాష. గ్లామర్ పాత్రలకి ఎలాగూ వేరే గొంతు పెడతారు కాబట్టి అక్కడ అది పెద్దగా అక్కరకు రాదు. వెబ్ సిరీస్‌ల్లో, సంభాషణ ఎక్కువున్న పాత్రల్లో, స్టేజీ యాంకరింగ్‌లో వస్తుంది. ఆడిషన్ ఎప్పుడూ ఆఫీసులో, పగటిపూట, తోడుతోనే. దీనికి ఒప్పుకోని చోట పాత్ర ఎంత మంచిదైనా వదిలేయాలి.

చదువు, ఉద్యోగం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మానస కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం చేస్తూ పోటీకి వచ్చింది, మీనాక్షి డెంటల్ విద్యార్థిని, మానుషి ఎంబీబీఎస్. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉంటే పూర్తి చేశాకే ఊరు మారడం మేలు. హాజరు 75 శాతానికి తగ్గితే ఏడాది పోవచ్చు, కాబట్టి పోటీ తేదీలు తెలియగానే ప్రిన్సిపాల్‌కి లేఖ ఇచ్చి కాపీ మీద సంతకం తీసుకోవాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు రాజీనామా కంటే జీతం లేని సెలవు అడగాలి. టైటిల్ వల్ల కోడింగ్ ఉద్యోగంలో ఒరిగేదేమీ లేదు. పీఆర్, హోటల్, విమానయాన రంగాల ఇంటర్వ్యూల్లో మాత్రం ఉపయోగపడుతుంది.

ఈ మూడింట్లో చాలామందికి కుదిరేది డిగ్రీ ముగించి, ఆ తర్వాత ముంబయిలో రెండేళ్ళు యాడ్లు చేసి, సినిమా ఆడిషన్లు అక్కడి నుంచే ఇవ్వడం. నాలుగైదు యాడ్లు చేసిన ముఖంతో ఆడిషన్‌కి వెళితే బేరమాడే బలం ఉంటుంది. నేరుగా సినిమాకే దూకడం ఒకటే సందర్భంలో సబబు: విడుదలైన సినిమాలున్న బ్యానర్, పూర్తి కథ చేతికిచ్చి, గడువులున్న ఒప్పందం ఇచ్చినప్పుడు.

ఇంకో పోటీకి వెళ్ళాలా అనే ఆలోచన కూడా కొందరికి ఉంటుంది. 2024 నుంచి మిస్ యూనివర్స్ ఇండియా వేరే సంస్థ చేతుల్లోకి వెళ్ళింది, ఫెమినా విజేత వెళ్ళేది మిస్ వరల్డ్‌కి. కాబట్టి ఒక చోట గెలవనివాళ్ళకి రెండో తలుపు నిజంగానే ఉంది. కానీ మొదటి పోటీ ఒప్పందంలో ‘ఇంత కాలం వేరే పోటీలో పాల్గొనకూడదు’ అనే షరతు సాధారణంగా ఉంటుంది. ఆ గడువు ముగిసే తేదీ, రెండో పోటీ వయసు పరిమితి, దరఖాస్తు ఆఖరి తేదీ పక్కపక్కన రాసుకుని చూడాలి. మూడూ కుదరకపోతే గౌన్‌కి అడ్వాన్సు ఇవ్వొద్దు.