పాకాల కట్ట మీద పొద్దుటి నడక

పాకాలకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది కట్ట ఎక్కి, నీళ్లను చూసి, నాలుగు ఫొటోలు దిగి అరగంటలో మళ్లీ నర్సంపేట తొవ్వ పడతారు. అట్ల చూస్తే అది ఒక పెద్ద చెరువు, అంతే. కట్టను ఒక కొస నుంచి ఇంకో కొస దాకా మెల్లగా నడిచి, తూము దగ్గర ఒకసారి, రాతికట్టు దగ్గర ఒకసారి ఆగితేనే పాకాల అంటే ఏమిటో అర్థమవుతుంది. వరంగల్ చుట్టుపక్కల నీటి ఒడ్డున నడవడానికి ఇంతకంటే మంచి చోటు లేదన్నది నా గట్టి అభిప్రాయం. అయిదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గిన సగం ఆదివారాల రద్దీకి, ఆ రద్దీ మోసుకొచ్చే సౌండ్ బాక్సులకు.

వరంగల్ నుంచి 50 కిలోమీటర్ల పైచిలుకు దూరం. నర్సంపేట దాకా ఆర్టీసీ బస్సులకు కొదవ లేదు. అక్కడి నుంచి ఖానాపూర్ మండలంలోని అశోక్‌నగర్ మీదుగా పన్నెండు కిలోమీటర్లు పోవాలి. సొంత బండి లేనివాళ్లు నర్సంపేటలో ఆటో మాట్లాడుకునేటప్పుడే రాకపోకలకు కలిపి మాట్లాడుకోవాలి. ఒక్క పోకకే మాట్లాడుకుని దిగితే తిరిగి వచ్చేటప్పుడు ఎండలో నిలబడి ఆటో కోసం చూడాల్సి వస్తుంది. ఆటో ఆగి ఉండే వేళకు ఎంత తీసుకుంటారో కూడా ముందే తేల్చుకోండి, మూడు గంటలకు తక్కువ చెప్పకండి. పెట్రోలు, ఏటీఎం, టిఫిన్ అన్నీ నర్సంపేటలోనే ముగించుకోండి. చిల్లర నోట్లు జేబులో ఉంచుకోండి. అడవి అంచున ఫోన్‌తో డబ్బు కట్టడం ప్రతిసారీ కుదరదు.

బయలుదేరే వేళే ఈ నడకకు ప్రాణం. పొద్దు పొడిచేసరికి కట్ట మీద ఉండాలి. అంటే హన్మకొండ నుంచి బండి మీద వచ్చేవాళ్లు అయిదింటి లోపే ఇల్లు కదలాలి. పొద్దున నీళ్ల మీద గాలి ఉండదు, చెరువు అద్దంలా పరుచుకుని ఉంటుంది. తొమ్మిది దాటాక గాలి లేస్తుంది, అలలు మొదలవుతాయి, నీళ్ల మీది వెలుగు సూటిగా కళ్లలో కొడుతుంది. పిట్టలు ఒడ్డు విడిచి లోపలికి జరుగుతాయి. పదకొండింటికి వచ్చి ‘ఏం లేదక్కడ’ అని చెప్పేవాళ్ల మాట అబద్ధం కాదు, ఆ వేళకు నిజంగానే ఏమీ కనపడదు.

ఇక కట్ట సంగతి. రెండు గుట్టల నడుమ పారే వాగుకు అడ్డంగా సుమారు మైలు పొడవున మట్టి పోసి కట్టారు. కాలం 1213. కాకతీయ గణపతిదేవుడి ఏలుబడిలో జగదాళ ముమ్మడి కట్టించాడని శాసనం చెబుతుంది. రామప్ప గుడి శాసనం కూడా ఆ ఏటిదే. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కాబట్టి జనం అటు పోతున్నారు, మంచిదే. అయితే గుడి కట్టిన తరం చెరువు ఎట్ల కట్టిందో చూడాలంటే ఇటు కూడా రావాలి. గొప్పతనమంతా చోటు ఎంచుకోవడంలో ఉంది. రెండు వైపులా గుట్టలే గోడలు కావడంతో మైలెడు కట్టతో దాదాపు 30 చదరపు కిలోమీటర్ల నీళ్లు నిలిచాయి. కట్ట మీద నడుస్తూ రెండు కొసలా గుట్ట ఎక్కడ మొదలవుతుందో చూడండి. మనిషి పోసిన మట్టి, గుట్ట కలిసే ఆ చోట్లు చాలామంది కంట పడవు.

నీటి వైపు వాలు మీద పేర్చిన రాళ్లు ఉంటాయి. ఒక్క పది నిమిషాలు ఆ రాళ్ల దగ్గర కూర్చుని అలలు వచ్చి తగిలే తీరు చూడండి. అల రాతి మీద విరుగుతుంది, సందుల్లోకి జారుతుంది, బలమంతా అక్కడే పోగొట్టుకుని వెనక్కి వస్తుంది. రాయి లేకపోతే ఆ బలం మట్టి మీద పడి కొద్దికొద్దిగా కోసేస్తుంది. పిల్లలు ఈ రాళ్లను ఊడబెరికి నీళ్లలోకి విసరడం ఇక్కడ రోజూ కనిపించే పని, పక్కన పెద్దలు నవ్వుతూ వీడియో తీస్తుంటారు. దయచేసి ఆపండి. ఒక రాయి పోతే దాన్ని ఆనుకున్న నాలుగు రాళ్లు వదులవుతాయి, వానాకాలం అలలకు ఆ బొక్క గంపంత అవుతుంది. విసరాలనే ఉంటే బాట పక్క గులకరాళ్లు బోలెడు.

కట్ట మీద మొలిచిన చెట్ల గురించి కూడా ఒక మాట. నీడ ఇస్తున్నాయి కదా, నరకడం ఎందుకని అడుగుతుంటారు. మట్టికట్టలో పెద్ద చెట్టు వేరు లోపలికి పోయి, ఎప్పుడో చెట్టు చచ్చి వేరు కుళ్లితే అక్కడ గొట్టంలాంటి ఖాళీ మిగులుతుంది. నీళ్లు ఆ దారి పట్టుకుంటే బుంగ పడుతుంది. ఎలుకలు, ఎండ్రకాయలు తవ్విన బొరియలతోనూ ఇదే ప్రమాదం. పొలాల వైపు వాలులో ఎక్కడైనా ఊట కనిపిస్తే నీళ్ల రంగు చూడండి. తేటగా ఉంటే భయం తక్కువ. మట్టి రంగులో వస్తుంటే లోపల కట్ట కొట్టుకుపోతున్నట్టే, అక్కడి సిబ్బందికి వెంటనే చెప్పాలి.

తూము దగ్గర రెండు వైపులా చూడండి. ఒక వైపు అడవి నీడ పడిన చెరువు, ఇంకో వైపు కాలువ, దాని వెంట పచ్చగా సాగే పొలాలు. పాకాల కింద సుమారు 30 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. కాలువ కొసన ఎవరి మడికో పోయే నీళ్లు ఇక్కడి నుంచే కదులుతాయి. తూము తెరిచి ఉన్నప్పుడు నీటి వైపు పైకి చిన్న సుడి తప్ప ఏమీ కనపడదు కానీ కింద లాగుడు గట్టిగా ఉంటుంది. అక్కడ కాళ్లు పెట్టి కూర్చోవద్దు, పిల్లలను మెట్ల మీద వదలొద్దు.

మత్తడి, అంటే చెరువు అలుగు, దుంకుతోందన్న కబురు వస్తే నర్సంపేట దారి బండ్లతో నిండిపోతుంది. చూడదగ్గదే, కాదనను. చెరువుకు పూర్తి మట్టం సుమారు 30 అడుగులు, ఆ పైన వచ్చిన ప్రతి చుక్కా మత్తడి దాటి కిందికి పోతుంది. ఆ నీళ్లే మున్నేరై మహబూబాబాద్ జిల్లా దాటి ఖమ్మం ఊరిని ఒరుసుకుంటూ పోయి కృష్ణలో కలుస్తాయి. గోదావరి మనకు ఇంత దగ్గరగా ఉన్నా పాకాల నీళ్లు మాత్రం కృష్ణ బిడ్డలే. మత్తడి రాతి మీద ఎప్పుడూ పలుచటి తడి ఉండడంతో పాకురు పట్టి ఉంటుంది. పచ్చగా కనిపిస్తే జాగ్రత్తపడతారు కానీ నల్లబడిన పాకురును ఉత్త రాయి అనుకుని అడుగేస్తారు, జారిపడేది అక్కడే. రబ్బరు చెప్పులు అసలు పనికిరావు, వెనక పట్టీ ఉన్న చెప్పులో, అడుగు అరగని బూట్లో వేసుకోండి. మోకాలు లోతే కదా అని పారే నీళ్లలోకి దిగకండి. నిలిచిన నీళ్లలో మోకాలు లోతు వేరు, పారే నీళ్లలో వేరు. కాలు ఎత్తిన క్షణాన ఒంటికాలి మీద ఉంటారు, నీళ్లు ఆ కాలినే తోసేస్తాయి.

ఈత మాట ఎత్తొద్దు. చెరువులో మొసళ్లు ఉన్నాయి. చలికాలం ఎండెక్కాక ఒడ్డు బురద మీద మొద్దులా పడి ఉంటాయి. దూరం నుంచి చూసి సంతోషపడాలి తప్ప ఫొటో కోసం కిందికి దిగకూడదు.

పిట్టల కోసం వచ్చేవాళ్లకు కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. వలస బాతులు దిగేది అప్పుడే. బైనాక్యులర్ కొనబోతుంటే 8 రెట్లు, 42 మిల్లీమీటర్ల గాజుది చాలు. 10 రెట్లది తెచ్చుకుంటే కట్ట మీది గాలికి చెయ్యి వణికి బొమ్మ నిలవదు. మొదటిసారి వచ్చేవాళ్లు అరుదైన పిట్టల వెంట పడకుండా నీటికాకిని చూడండి. నీళ్లలో మునిగిన ఎండు మోడు మీద రెండు రెక్కలూ చాచి, దండెం మీద ఆరేసిన నల్ల కండువాలా నిలబడి ఉంటుంది. బాతు ఈకల మీద నీళ్లు జారిపోతాయి, నీటికాకి ఈకల అంచులు మాత్రం తడిని పట్టుకుంటాయి. అందువల్లే అది సులువుగా మునిగి చేపను తరమగలదు, అందుకే బయటికొచ్చి ఆరబెట్టుకోవాల్సీ వస్తుంది. ఆ వేళ దానికి దగ్గరగా పోతే తడి రెక్కలతోనే లేవాలి, ఎగరలేక నీళ్లను తన్నుకుంటూ పోతుంది. కాబట్టి నిలబడ్డ చోటే నిలబడి చూడండి. పొలాల వైపు కరెంటు తీగ మీద మన పాలపిట్ట కనిపిస్తుంది. కూర్చున్నప్పుడు మసక గోధుమ రంగే, రెక్క విప్పితేనే ఆ నీలం.

అడవి వైపు నడక వేరే లెక్క. పాకాల అభయారణ్యం 1952 నుంచి ఉంది, సుమారు 860 చదరపు కిలోమీటర్లు. రోడ్డు దిగి లోపలికి పోవాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి, పొద్దు గూకాక ఎవరూ ఉండకూడదు. నిప్పు పెట్టడం నేరం, బీడీ ముక్క కూడా నిప్పే. ఎండాకాలం టేకు, మద్ది, తునికి ఆకులు రాలి బాట నిండా గలగలలాడుతుంటాయి, ఒక్క రవ్వ చాలు. మాఘం ఫాల్గుణాల్లో మోదుగ పూస్తుంది, ఆ వెనకే ఇప్ప. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. ఏరుకునేవాళ్లు వచ్చేలోపు ఎలుగుబంటి వచ్చి తింటుంది. ఆ నెలల్లో చీకటితో ఇప్పచెట్ల కిందికి పోకూడదనేది ఇందుకే.

కోతుల విషయంలో అందరూ చేసే తప్పు పాలిథిన్ కవరు చేతిలో పట్టుకుని నడవడం. లోపల ఏముందో కోతికి అక్కర్లేదు. కవరు గరగరమంటే తిండి ఉన్నట్టేనని దానికి మనుషులే నేర్పారు. సద్దిని మూత గట్టి స్టీలు డబ్బాలో పెట్టి, జిప్పున్న సంచిలో వేసి వీపుకు తగిలించుకోండి. లాక్కోవడానికి వస్తే గుంజులాడకుండా వదిలేయండి, కరిస్తే కుక్క కరిచినట్టే సూదులు వేయించుకోవాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తెచ్చుకోండి. పులిహోర, రొట్టె, పల్లీపట్టీ అయితే ఎండకు పాడవవు. పెరుగన్నం పదింటికే పులుస్తుంది. తిన్నాక ఆకులు, కాగితాలు, ఖాళీ సీసాలు అన్నీ తిరిగి అదే సంచిలోకి. చెరువులో పడిన సీసా తేలుతూ పోయి తూముకే తగులుతుంది.

బోటు కోసమే అయితే ఇంత దూరం రావద్దు. నీటిమట్టం, గాలి, సిబ్బంది అన్నీ కుదిరిన రోజే నడుస్తుంది. వేలాడే వంతెన, దీవులు, పిల్లల సందడి కావాలంటే గోవిందరావుపేట వైపు లక్నవరం పొండి, అక్కడ అదంతా ఉంది. రెండూ ఒకే రోజున పెట్టుకుంటే రెండూ పాడవుతాయి, ఎందుకంటే రెండింటికీ పొద్దుటి పూటే మంచిది.

కాలాల్లో ఏది ఎంచుకోవాలంటే నా ఓటు దసరా దాటాక మొదటి రెండు వారాలకు. చెరువు నిండుగా ఉంటుంది, వాన ముసురు పోయి ఉంటుంది, బాటకు రెండు వైపులా తంగేడు పచ్చగా పూసి ఉంటుంది. వైశాఖంలో నీళ్లు వెనక్కి పోయి శికం, అంటే చెరువు లోపలి నేల, బయటపడుతుంది. పగుళ్లు తేలిన మట్టి మీద లేతగడ్డి మొలిచి, దానికోసం సాయంత్రం దుప్పులు దిగుతాయి. ఎండకు తట్టుకోగలిగితే అదీ చూడదగ్గదే. అయితే ఎండినట్టు కనిపించే శికం మీద అడుగు వేయకండి. పైన పెచ్చు కట్టి ఉంటుంది, కింద బురద తొడ దాకా దిగుతుంది.

ముసలివాళ్లతో వచ్చేవాళ్లు కట్ట మొత్తం నడిపించాలని పట్టుపట్టొద్దు. బాట చదునుగానే ఉంటుంది కానీ పోయినంత దూరం తిరిగి రావాలన్నది మరిచిపోతారు. తూము దాకా పోయి, అక్కడ ఓ పావుగంట కూర్చోబెట్టి వెనక్కి తిప్పండి. మడిచే కుర్చీ ఒకటి బండిలో పెట్టుకుంటే మేలు. వల తీసే వేళకు ఒడ్డున ఉంటే చేపలు కూడా దొరకొచ్చు. కొర్రమట్టయితే బతికున్నదే తీసుకోండి, రవ్వ, బొచ్చె అయితే మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసుకోండి. ఇంటికి గంటన్నర దారి, ఐసు లేకుండా కట్టించుకోవద్దు.